పాలకేడ్చిన దేవుడు

పోయిన డిసెంబరులో ఒక పొద్దున ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఈ వయసులో కిటికీ సీటు దొరకడం కూడా ఒక చిన్న ప్రమోషను లాంటిదే. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని సర్దుకునేలోగా ఒక చిన్నవయసు తల్లి రెండు సంచులు, ఒక బకెట్టు, చంకలో బిడ్డతో ఎక్కింది. అటూ ఇటూ చూసి, నన్ను అడగనైనా అడగకుండా, "అవ్వా, రవంత పట్టుకో" అని బిడ్డను నా ఒళ్ళో పెట్టేసి, కింద ఉండిపోయిన మూట కోసం మళ్ళీ దిగిపోయింది. బతుకంతా బడిలో టీచరమ్మ అనిపించుకున్నదాన్ని. రిటైరై ఇన్నేళ్ళయినా 'అవ్వా' అన్న పిలుపుకి ఇంకా పూర్తిగా అలవాటు పడలేదు. అయితే ఆ అలక ఎక్కువసేపు నిలవలేదు. ఒళ్ళో పడినవాడు నా ముఖం ఒకసారి పరీక్షగా చూశాడు. ఇది తన తల్లి ముఖం కాదని తెలిసినట్టే ఉంది గానీ దాన్నేమీ పెద్దగా పట్టించుకోలేదు. నా పైట దగ్గర ముక్కుతో వెతకడం మొదలుపెట్టాడు. పక్క సీటాయన మర్యాదగా అటు తిరిగి కూర్చున్నాడు. "నా కాడ ఏముండాదిరా నాయనా" అని నవ్వుకుంటూ వాడి వీపు నిమిరాను. తల్లి వచ్చి వాణ్ణి తీసుకుని కొంగు కప్పుకుని కూర్చుంది. బస్సు కదిలింది. ఊరు దాటేసరికి నా మనసులోకి మా తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు తల నెరిసి, మోకాళ్ళ నొప్పులని సణిగే తమ్ముడు కాదు. గుడ్డలో చుట్టిన పిడికెడు తమ్ముడు.

మా నాయన పాస్టరు. మేం ఉదయగిరిలో, కోట కొండ కింద, దొరల కాలంలో కట్టిన ఒక పాత పెంకుటింట్లో ఉండేవాళ్ళం. దొరలు వెళ్ళిపోయి చాలా కాలమైనా ఆ ఇంటిని అందరూ బంగళా అనే అనేవాళ్ళు. బంగళా అంటే గొప్పగా ఊహించుకోకండి. వానొస్తే ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో మాకందరికీ కంఠతా వచ్చు. కాకపోతే ఎత్తైన గోడలు, చల్లటి బండల నేల, ఎండాకాలంలో కూడా ఎండని బావి ఉండేవి. వెనక వీధిలో చెక్కతో గరిటెలు, చెంచాలు చెక్కే ఇళ్ళు. అక్కణ్ణుంచి గోతాంతో చెక్కపొట్టు తెచ్చి అమ్మ పొయ్యి రాజేసేది. అందుకని మా ఇంట్లో పొద్దుటి కాఫీకీ, మధ్యాహ్నం పులుసుకీ ఒకే అడవి వాసన వచ్చేది. ఇప్పటికీ ఎవరైనా ఉదయగిరి చెంచా బహుమతిగా తెస్తే మిగతావాళ్ళు దాని పనితనం చూస్తారు. నేను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాను.

నాయన పనంతా చుట్టుపక్కల పల్లెల్లో. ముఖ్యంగా దుత్తలూరు దారిలో, మెట్టచేల మధ్యలో ఉన్న ఒక పాలెం. అక్కడివాళ్ళంతా ముత్తాతల కాలంలోనే బాప్తిస్మం పుచ్చుకున్న కుటుంబాలవాళ్ళు. కొందరికి కాస్తంత సజ్జచేను, మిగతావాళ్ళకి పొగాకు చేలల్లో కూలి. నాయన ఆదివారమూ బుధవారమూ సైకిలు మీద వెళ్ళి ప్రార్థన జరిపి, పొద్దుగూకేలోగా బంగళాకి తిరిగొచ్చేవాడు. ఆయన ప్రసంగాల్లో ఆయనకి బాగా ఇష్టమైన సంగతి ఒకటుండేది. దేవుడు పైనుంచి కబుర్లు పంపి ఊరుకోలేదు, తానే మనిషై దిగివచ్చి మన మధ్య కాపురమున్నాడని. ఆ 'కాపురం' అన్న మాటను నాయన బెల్లంముక్కలా చప్పరించి చప్పరించి చెప్పేవాడు. ఒక బుధవారం అలాగే తిరిగొచ్చి గచ్చు మీద కాళ్ళు కడుక్కుంటుంటే అమ్మ తువ్వాలు అందించింది.

"ఈ పొద్దు ఏం చెప్పినారు?"

"అదే. దేవుడు మన మధ్య కాపురముండాడని."

"చెప్పి, మీరు సైకిలెక్కి బంగళాకొచ్చేసినారు."

అమ్మ ఎగతాళిగా అనలేదు, కోపంగానూ అనలేదు. బియ్యంలో రాళ్ళున్నాయన్నంత మామూలుగా అని లోపలికి వెళ్ళిపోయింది. నాయన మాత్రం తడికాళ్ళతో అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. ఆ ఎండాకాలం సెలవులు అయ్యేలోగా మా సామాను ఎద్దులబండెక్కి పాలెం చేరింది. మేం గుడి అని పిలిచే చర్చి పక్కనే రెండు అంకణాల ఇల్లు, బోదగడ్డి కప్పు, పేడ అలికిన నేల. అయ్యగారు బంగళా వదిలి మన మధ్యకొచ్చినారని పాలెమంతా మురిసిపోయింది. నేను మాత్రం చల్లటి బండల నేల గుర్తొచ్చి కొన్నాళ్ళు ముఖం ముడుచుకుని తిరిగాను.

మాతో వచ్చిన అవ్వ ఒక్కతే నిజంగా సంతోషపడింది. నాయన తల్లి. ఆమె పుట్టిల్లు ఆ పాలెమే. వాకిట్లో నులకమంచం వేసుకుని, వక్కాకు నములుతూ, ఆదివారం గుడికి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, వచ్చినవాళ్ళలో ఎవరు కునికారు అన్నీ గమనించేది. దేవుడు ఏదైనా మరిచిపోతే గుర్తుచేయడానికి తనను పెట్టాడని ఆమె గట్టి నమ్మకం. బైబిలు చదవడం రాదు. కానీ ఏ తప్పుకి ఏ శిక్షో అడిగితే తడుముకోకుండా చెప్పేది. కొన్ని శిక్షలు బైబిల్లో లేనివని నాయన గొణిగేవాడు. "ఉండాల్సినయ్యే గదా" అనేది అవ్వ.

మా ఇంటికి నాలుగు గడపల అవతల ఒకామె ఉండేది. తర్వాత జీవితమంతా నేను పిన్నమ్మ అని పిలిచిన మనిషి కాబట్టి ఇక్కడా అలాగే అంటాను. చిన్నతనంలోనే మొగుడు పాముకాటుకి పోయాడు. కొన్నాళ్ళకి పొగాకు ఎండబెట్టే బ్యారన్‌లో పనికని కలిగిరి వైపు నుంచి వచ్చిన ఒకాయనతో కలిసి ఉండసాగింది. ఆయన మనవాడు కాడు, అంటే క్రైస్తవుడు కాడు. బాప్తిస్మం తీసుకుంటావా అంటే, "మా అమ్మ మొక్కిన దేవుళ్ళకి ఏం చెప్పేది?" అని అడిగాడట. విశ్వాసి కానివాడితో గుడిలో పెళ్ళి జరపరు. పెళ్ళి లేకుండా కాపురం చేస్తే ప్రభువు బల్ల నుంచి తీసేస్తారు. నెలకొకసారి అందరూ కలిసి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆ బల్లే మా వాళ్ళకి అన్నిటికంటే పెద్ద మర్యాద. దాని నుంచి పిన్నమ్మను తీసేస్తున్నట్టు నాయనే గుడిలో చదివాడు. తీసేయాలని ముందుగా పట్టుబట్టింది మా అవ్వ.

మేము పాలెం చేరిన కొత్తలో పిన్నమ్మకి ఆడపిల్ల పుట్టింది. మావాళ్ళలో పసిబిడ్డలకి బాప్తిస్మం ఉండదు. గుడికి తెచ్చి పాస్టరు చేతుల్లో పెడితే, ఆయన పేరు చెప్పి, తల మీద చెయ్యి ఉంచి దేవుడికి అప్పగిస్తాడు. దాన్ని ప్రతిష్ఠ అంటారు. ఒక ఆదివారం ప్రార్థన ముగిసి అందరూ లేస్తుంటే పిన్నమ్మ తల మీద ముసుగు సర్దుకుని గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"అయ్యా, బిడ్డ తల మీద చెయ్యి పెట్టండి."

నాయన ఆమెను చూశాడు. వెనకున్న సంఘపెద్దల్ని చూశాడు. "ముందు నీ బతుకు సరి చేసుకో అమ్మా. బిడ్డ సంగతి తర్వాత చూస్తాం" అన్నాడు. గొంతు పెంచలేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఆమె బిడ్డకు ఎండ తగలకుండా కొంగు కప్పి వెళ్ళిపోయింది. మళ్ళీ గుమ్మం దాకా రాలేదు. ఆదివారం గోడ బయట వేపచెట్టు కింద కూర్చునేది. పాట మొదలైతే అక్కణ్ణుంచే అందుకునేది. ఆమె గొంతు ఎంత బాగుండేదంటే, లోపల మేమంతా తలోదారిన పాడుతుంటే కిటికీలోంచి వచ్చే ఆ గొంతు పట్టుకుని మా పాట నిలబడేది. అవ్వ మాత్రం, "పాటకేం, చిలక కూడా పాడతాది" అనేది.

వానాకాలం చివర్లో తమ్ముడు పుట్టాడు. పెళ్ళైన ఇన్నేళ్ళకి మగబిడ్డ అని అవ్వ పాలెమంతా కలకండ పంచింది. వాడికి నెల నిండిందో లేదో అమ్మకి జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరమని మిరియాల కషాయం ఇచ్చారు. అది దిగలేదు. పక్క ఊరి డాక్టరు వచ్చి చూసి, ఇది టైఫాయిడు, ఆలస్యం చేయకుండా ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. బిడ్డను మాత్రం తల్లి దగ్గర ఉంచొద్దు, పాలివ్వొద్దు అన్నాడు. ఊళ్ళో పెద్ద రైతు ఇంటి నుంచి పరుపు వేసిన బండి వచ్చింది. ఆ ఇంటి పెద్దామె స్వయంగా బండి వెంట నడిచి వచ్చి, "మా దేవుళ్ళకీ మొక్కుకున్నా అయ్యగారూ, ఏమనుకోవద్దు" అంది. ఏమనుకునే స్థితిలో నాయన లేడు. అమ్మను ఎత్తి పడుకోబెడుతుంటే ఆమె చేయి గాల్లో బిడ్డ కోసం వెతికింది. బండి మలుపు తిరిగేదాకా నేను తమ్ముణ్ణి ఎత్తుకుని నిలబడే ఉన్నాను. ఇంట్లో అవ్వ, నేను, వాడు మిగిలాం.

పెద్దింటామె గేదెపాలు పంపింది. నీళ్ళు కలిపి, కాచి, వడగట్టి, దూదితో పిండి తాగించాం. తాగినంతా కక్కేశాడు. మేకపాలు తెచ్చారు. అవీ నిలవలేదు, పైగా విరేచనాలు పట్టుకున్నాయి. చక్కెరనీళ్ళు పోశాం. వాడి ఏడుపు పాలెమంతా వినపడేది. ఆడవాళ్ళు వచ్చి చూసి, తలో వైద్యం చెప్పి, మా ముఖాలు చూడలేక వెళ్ళిపోయేవాళ్ళు. చంటిబిడ్డ తల్లి ఆ పాలెంలో అప్పుడు ఒక్కతే ఉందని అందరికీ తెలుసు. ఎవరూ ఆ పేరెత్తలేదు. అవ్వ మంచం మీద కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూనే ఉంది. మరుసటిరోజు ఎండెక్కేసరికి ఏడుపు పలచబడింది. ఏడ్చే బిడ్డ కంటే ఏడుపు మానేస్తున్న బిడ్డ ఎంత భయపెడతాడో అప్పుడు తెలిసింది నాకు. నోరు తెరుస్తున్నాడు, శబ్దం రావడం లేదు.

అవ్వ కళ్ళు తెరిచింది. ప్రార్థనకి ఆమేన్ అన్నట్టు కూడా లేదు, మధ్యలోనే ఆపేసినట్టుంది. నోట్లోని వక్కాకు ఉమ్మేసి, పుక్కిలించి, బిడ్డను నా చేతుల్లోంచి తీసుకుంది. "దా మే" అని నడిచింది. వీధంతా తలుపుల్లో నిలబడి చూస్తోంది. పిన్నమ్మ తన గడప దగ్గర కూర్చుని చేటలో సజ్జలు చెరుగుతోంది. అవ్వ ఆమె ముందు నిలబడింది. మా అవ్వకి మాట తడబడటం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పిన్నమ్మ తల ఎత్తి అవ్వ ముఖం చూడనే లేదు. బిడ్డను చూసింది. చేట పక్కకు జరిపేసింది.

"ఇట్టియ్యి అవ్వా."

"మే, నేను నిన్ను గుడిలో..."

"అయ్యన్నీ పిలకాయ తాగినాక మాట్లాడుకుందాం. ముందు ఇట్టియ్యి."

వాడు మొదట పట్టలేకపోయాడు. బలం లేదు. ఆమె వేలితో పాలు పెదవులకి రాసి, బుగ్గ తట్టి, ఏదో పాట గొణుగుతూ ఓపిగ్గా కూర్చుంది. ఉన్నట్టుండి వాడి గొంతులో గుటక వినిపించింది. ఆ చప్పుడుకి అవ్వ నేల మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల చీరతో కట్టిన ఉయ్యాలలో పిన్నమ్మ కూతురు లేచి ఏడవడం మొదలుపెట్టింది. నన్ను ఊపమని సైగ చేసింది పిన్నమ్మ. కాసేపటికి అవ్వ అడిగింది.

"ఇద్దరికీ చాలతయ్యా మే?"

"చాలవు. దానికి రాగిజావ అలవాటు చేస్తా. కూర్చోను నేర్చినాది గదా, తాగతాదిలే."

చాలవని అంత తేలిగ్గా చెప్పిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. సాయంత్రం ఆమె మనిషి చేలోంచి వచ్చి, వాకిట్లో అవ్వనూ, పెళ్ళాం ఒడిలో పరాయి బిడ్డనూ చూశాడు. వచ్చినదారినే వెనక్కి వెళ్ళి, మునగచెట్టు కొమ్మ ఒకటి విరుచుకొచ్చి గడప ముందు పడేశాడు. "ఇది వండుకోని తిను. పాలు పడతయ్యంట" అన్నాడు. ఆ కుటుంబం ఎన్నాళ్ళు మునగాకు తిన్నదో లెక్కలేదు. పెద్దయ్యాక కూడా వాళ్ళ కూతురు మునగాకు వాసనొస్తే కంచం ముందు నుంచి లేచిపోయేది.

కొన్నాళ్ళకి నాయన వచ్చాడు. అమ్మకి గండం గడిచిందని, ఇంకా కొంతకాలం ఆసుపత్రిలోనే ఉండాలని, అమ్మ అక్క, మా పెద్దమ్మ, తోడుగా ఉందని చెప్పాడు. ఇవన్నీ ఆయన చెప్పింది తర్వాత. ముందు ఇంటికొచ్చి, ఎవరూ లేకపోవడం చూసి బెదిరిపోయి, మమ్మల్ని వెతుక్కుంటూ వీధిలోకి వచ్చాడు. చేతిలో పాలపొడి డబ్బా. దానికోసం ఆత్మకూరంతా తిరిగాడట. పిన్నమ్మ గడప ముందుకొచ్చి ఆగిపోయాడు. అవ్వ అరుగు మీద పిన్నమ్మ కూతుర్ని ఆడిస్తోంది. లోపల పిన్నమ్మ తమ్ముణ్ణి భుజాన వేసుకుని వీపు తడుతోంది. ఆమె కంగారుగా కొంగు సర్దుకుంది.

"కూర్చోండి అయ్యా. ఇప్పుడే నిద్దరపోయినాడు."

నాయన కూర్చోలేదు, కదల్లేదు. డబ్బాను రెండు చేతులతో పట్టుకుని, ఎవరింటికో దారి అడగడానికొచ్చిన మనిషిలా నిలబడ్డాడు.

"ఏందిరా అట్ట నిలబడినావు?" అంది అవ్వ. "ఆ డబ్బా ఈ పిల్లకియ్యి. దీని పాలు నీ కొడుకు తాగేసినాడు."

నాయన చెప్పులు విడిచి, తలవంచి, ఆ ఇంట్లోకి అడుగుపెట్టాడు. చాప వేయబోతే వద్దని నేల మీదే కూర్చున్నాడు. డబ్బా ఉయ్యాల పక్కన పెట్టాడు. పిన్నమ్మ చెంబుతో మంచినీళ్ళిస్తే ఆఖరి చుక్కదాకా తాగాడు. నాయనకి ప్రసంగాలు తప్ప మామూలు మాటలు పెద్దగా రావు. ఆ రోజు ఆయనకి ప్రసంగం కూడా అందినట్టు లేదు.

క్రిస్మసు దగ్గర పడుతుండగా అమ్మ తిరిగొచ్చింది. జుట్టంతా రాలిపోయి, గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. పాలు ఎండిపోయాయి. అన్నిటికంటే కష్టమైన సంగతి వేరే. తమ్ముడు అమ్మ దగ్గరికి వెళ్ళలేదు. ఎత్తుకుంటే ఒళ్ళు విల్లులా వంచి, పిన్నమ్మ గొంతు వినపడే వైపు తల తిప్పి ఏడ్చేవాడు. అమ్మ మంచిది, తెలివైనది, ఆ ఊరికి మమ్మల్ని తీసుకొచ్చిన మాట ఆమెదే. అయినా పిన్నమ్మ వచ్చినప్పుడల్లా గోడ వైపు తిరిగి పడుకునేది. పిన్నమ్మకీ అది అర్థమై, బిడ్డకు పాలిచ్చి మా ఇంట్లో పడుకోబెట్టి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయేది. ఒక మధ్యాహ్నం అలాగే లేచి వెళ్ళబోతుంటే అమ్మ పిలిచింది.

"దగ్గరికి రా. నీ తల చూడు ఎట్టుండాదో. ఇద్దరు బిడ్డల్తో దువ్వుకోను తీరికేడ నీకు."

నన్ను దువ్వెన, నూనెగిన్నె తెమ్మంది. పిన్నమ్మ అమ్మకి వీపు పెట్టి కూర్చుంది. అమ్మ ఆమె జుట్టు పాయలు విడదీసి, చిక్కులు తీసి, మాడుకి నూనె అద్ది, నెమ్మదిగా జడ వేసింది. ఒకరి ముఖం ఒకరికి కనపడదు. ఇద్దరి కళ్ళూ కారుతున్నాయని ఎదురుగా నూనెగిన్నె పట్టుకుని కూర్చున్న నాకు మాత్రమే తెలుసు. ఆ మధ్యాహ్నం నుంచి తమ్ముడికి ఇద్దరు తల్లులు.

ఈ సంగతులు సంఘపెద్దల దాకా పోకుండా ఉంటాయా? వాళ్ళలో పెద్దాయన మాకు బంధువే, నాయనకి చిన్నాయన వరస. పండగ ముందు ఒక సాయంత్రం వచ్చి కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి విషయానికొచ్చాడు.

"పాలిచ్చి బతికించినాది, కాదనం. మంచి చీర ఒకటి పెట్టు. గుడిలో మాత్రం పాత పద్ధతే పోనియ్యి."

"చీరతో తీరేదా చిన్నాయనా అది?"

"తీరకపోతే దేవుడు చూసుకుంటాడు. నువ్వు పద్ధతి తప్పితే మాత్రం మేం పైవాళ్ళకి చెప్పాల్సొస్తాది. ఈ ఊరు నీకుండదు."

ఆయన చెడ్డవాడు కాడు. గుడి గోడల కోసం ఎండలో రాళ్ళు మోసినవాడు. ఆ గోడల్ని కాపాడుకోవడం కూడా తన పనే అనుకున్నాడు. నాయన వీధి చివరిదాకా ఆయన్ని సాగనంపి వచ్చాడు.

క్రిస్మసు పొద్దున గుడి నిండిపోయింది. రంగుకాగితాల తోరణాలు, బంతిపూలు, గంజి పెట్టిన కొత్తబట్టల వాసన. ఒకే తాను గుడ్డతో కుట్టిన గౌనుల్లో మేం ఆడపిల్లలమంతా ఒక బడి పిల్లల్లా ఉన్నాం. తమ్ముడు బయట వేపచెట్టు కింద పిన్నమ్మ ఒళ్ళో ఉన్నాడు. పాలవేళ అని అమ్మే పంపింది. నాయన ఎప్పటిలాగే తన ఇష్టమైన సంగతి ఎత్తుకున్నాడు. దేవుడు మనిషై పుట్టాడని, మన మధ్య కాపురమున్నాడని. రెండు మాటలు చెప్పాడో లేదో బయటినుంచి తమ్ముడి ఏడుపు వినిపించింది. నాయన ఆగాడు. ఏడుపు ఆగేదాకా ఆగాడు. తర్వాత పుస్తకం మూసేశాడు.

"ఈ మాట మీకు యేటేటా చెప్తా ఉండాను" అన్నాడు. పుస్తకాల తెలుగు పోయి పాలెం మాట వచ్చేసింది ఆయన నోట్లోకి. "పుట్టినాడు, పుట్టినాడు అంటానే ఉండాను. పుట్టినోడు పాలకేడ్చి ఉంటాడని నాకెప్పుడూ తోచలా. లోకాన్ని చేసినాయన ఒక ఆడమనిషి చేతుల్లో పడి ఆకలికి ఏడ్చినాడు. ఇయ్యను వచ్చినాయన ముందు మనకాడ తీసుకున్నాడు. నేను బంగళా వదిలి మీకేందో ఇయ్యను వచ్చినా అనుకున్నా. నా బిడ్డ ఇక్కడ బతికినాడు."

బల్ల వెనకనుంచి కదిలాడు. కూర్చున్నవాళ్ళ మధ్యలోంచి నడిచి గుమ్మం దాటి వేపచెట్టు దగ్గరికి వెళ్ళాడు. మేమంతా మెడలు సాచి చూస్తున్నాం. పిన్నమ్మ లేచి నిలబడింది. తమ్ముణ్ణి అందివ్వబోయింది. నాయన తల అడ్డంగా ఊపి, చెట్టు మొదట్లో గుడ్డ మీద కూర్చున్న ఆడపిల్ల వైపు చేతులు చాపాడు.

"బిడ్డనియ్యమ్మా. ప్రతిష్ఠ చేస్తా."

పిన్నమ్మ వెంటనే ఇవ్వలేదు. గుడిలోకి వినపడేంత స్పష్టంగా అంది, "నా బతుకేం మారలేదయ్యా. ఆయన నాతోనే ఉండాడు."

"తెలుసు. ఇయ్యి."

నాయన ఆ పిల్లను ఎత్తుకుని లోపలికి వచ్చాడు. వెనకాలే పిన్నమ్మ గుమ్మం దగ్గర తడబడి ఆగింది. ముందు వరసలో కూర్చున్న అవ్వ పక్కనున్నామెను మోచేత్తో జరిపి, చాప మీద చోటు చేసి, "ఇట్ట వచ్చి కూర్చో మే" అంది. పెద్దల్లో ఇద్దరు ముగ్గురు లేచి బయటికి వెళ్ళిపోయారు. నాయన బల్ల ముందు నిలబడి పేరేమిటని అడిగాడు. పిన్నమ్మ చెప్పింది. అది ఆమె మనిషి పెట్టిన పేరు. కలిగిరిలో ఆయన చూసిన ఏదో సినిమాలో హీరోయిన్ది. బైబిల్లో లేని పేర్లు పెడితే నాయన ఒప్పుకునేవాడు కాదు, ఎంతోమంది పిల్లల పేర్లు అక్కడికక్కడే మార్చినవాడు. ఒక్క క్షణం ఆయన పెదవి కొనలు వణికాయి. నవ్వో ఏడుపో తెలియదు. ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, ఆ పేరు అక్షరం మార్చకుండా పలికి, దేవుడికి అప్పగించాడు. ఏ సినిమాలోనూ ఆ పేరును అంత భక్తిగా ఎవరూ పలికి ఉండరు.

ఆ సంఘపెద్ద, మా చిన్నతాత, అన్న మాట తప్పలేదు. ఎండాకాలం రాకముందే నాయనను ఆత్మకూరు వైపు ఒక చిన్న సంఘానికి మార్చారు. సామాను మళ్ళీ బండెక్కింది. అమ్మ ఈసారి ఏమీ అనలేదు. నాయన కూడా ఎన్నడూ ఆ ఊసెత్తి బాధపడటం నేను చూడలేదు. ఒకప్పుడు గంటసేపు సాగే ఆయన ప్రసంగాలు మాత్రం తర్వాత తర్వాత పొట్టివైపోయాయి. జనం అందుకు ఎంతో సంతోషించారు. తర్వాత వచ్చిన పాస్టర్లు ఒకరు పిన్నమ్మను బల్లకి రానిచ్చారు, ఒకరు రానివ్వలేదు. చివరికి ఎవరూ అడగడం మానేశారు. ఆమె మనిషి కడదాకా బాప్తిస్మం తీసుకోలేదు. ఆదివారం వేపచెట్టు కింద బీడీ కాల్చుకుంటూ ఆమె కోసం కూర్చునేవాడు. గాలివానకి గుడి కప్పు లేచిపోయినప్పుడు పైకెక్కి పెంకులు సర్దింది మాత్రం ఆయనే. కింద నుంచి పెంకులు అందించింది మా చిన్నతాత. ఇద్దరూ పనిలో తిట్టుకున్న తిట్లు గుడి మీద కూర్చుని తిట్టుకోవాల్సినవి కావని అవ్వ చాలాకాలం చెప్పుకుని నవ్వేది.

నాయన పోయాడు, అవ్వ అంతకుముందే పోయింది, అమ్మ తర్వాత. తమ్ముడు కలిగిరిలో ఉద్యోగం వచ్చాక ప్రతి క్రిస్మసుకీ పాలెం వెళ్ళి పిన్నమ్మ దగ్గర ఒక పూట భోంచేసి వచ్చేవాడు. కొన్నేళ్ళ కిందట ఆమె నిండు వయసులో కన్నుమూసింది. కబురు తెలిసి నేనూ తమ్ముడూ వెళ్ళాం. కూతురు నర్సు ఉద్యోగం చేసి రిటైరైంది. ఆ సినిమా పేరుతోనే. సమాధి దగ్గర ప్రార్థన చేసిన పాస్టరు చిన్న కుర్రవాడు, ఊరికి కొత్త. ముందుగా కన్నబిడ్డలు వచ్చి మట్టి వేయండి అన్నాడు. కూతురు వేసింది. ఆమె వెనక తమ్ముడు వంగి గుప్పెడు మట్టి తీసుకున్నాడు. పాస్టరు మర్యాదగా, "సార్, మీరు అమ్మగారికి ఏమవుతారు?" అని అడిగాడు.

"కొడుకుని" అన్నాడు తమ్ముడు.

చుట్టూ ఉన్న ముసలివాళ్ళు ఎవరూ సరిదిద్దలేదు. కూతురు ఏడుస్తూనే వాడి భుజం మీద చెయ్యి వేసింది. ఎర్రమట్టి వాడి వేళ్ళ సందుల్లోంచి జారి నెమ్మదిగా పడింది. తిరిగి వస్తుంటే దారిలో సజ్జచేలు కోతకి వచ్చి ఉన్నాయి. కాలం మనుషుల్ని ఒక్కొక్కరినే తీసుకుపోతూనే ఉంది. వాళ్ళు కలిపిపోయిన వరసల్ని తీసుకుపోవడం మాత్రం దానికింకా చేతకాలేదు.